తెల్ల రంగు ‘బ్లీచ్’ రికార్డు కొనబోతున్నవారికి హెచ్చరిక

సియాటిల్ చుట్టుపక్కల ఉంటూ గ్రంజ్ (ఈ ఊరి నుంచి పేరు తెచ్చుకున్న ఒక తరహా రాక్ సంగీతం) రికార్డులు సేకరిస్తున్న తెలుగువారందరికీ, ముఖ్యంగా బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో వారాంతం వచ్చిందంటే పాత రికార్డుల కోసం తిరిగేవారికి ఈ సంగతి ఆలస్యం చేయకుండా చెప్పాలని రాస్తున్నాను. నిర్వాణ బృందం మొదటి ఆల్బమ్ ‘బ్లీచ్’ను, తెల్ల వినైల్ (గ్రామఫోన్ రికార్డులు చేసే ప్లాస్టిక్) మీద అచ్చయిన 1989 నాటి అసలు ప్రతి అని చెప్పి అమ్ముతున్న వ్యక్తి దగ్గర దయచేసి కొనకండి. ఆయన ఎవరో మీలో చాలామందికి తెలుసు. మొన్న శనివారం నేను ఆయనకు 1,100 డాలర్లు ఇచ్చి ఇంటికి తెచ్చుకున్నది నకిలీ రికార్డు.

ఆ రికార్డు విలువ తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. సబ్ పాప్ సంస్థ 1989 జూన్‌లో ఈ ఆల్బమ్‌ను విడుదల చేసినప్పుడు మొదటి 1,000 ప్రతులను మాత్రమే తెల్ల వినైల్ మీద వేసింది, ఆ తర్వాతి నుంచి నల్లవి వచ్చాయి. ‘నెవర్‌మైండ్’, ‘టెన్’, ‘డర్ట్’, ‘సూపర్‌అన్‌నోన్’ వంటి పేరున్న గ్రంజ్ ఆల్బమ్‌లన్నీ నా దగ్గర ఉన్నాయి, కానీ అవన్నీ ఈ మధ్య తిరిగి అచ్చువేసినవే, వినడానికి అవి చక్కగా సరిపోతాయి కూడా. ఈ సంగీతం ఇంకా ఈ ఊరి నేలమాళిగలు దాటని రోజుల నాటి వస్తువు ఒక్కటైనా ఇంట్లో ఉండాలని ఏళ్లుగా కోరిక. అందుకోసమే డబ్బు కూడబెట్టుకున్నాను.

కలుసుకున్నది ఒక కాఫీ దుకాణం ముందు. వాన పడుతోంది. తడి తగిలితే రికార్డు పాడవుతుందని చెప్పి ఆయన దాన్ని పూర్తిగా బయటికి తీయనివ్వలేదు. కవరులోంచి సగం వరకు జరిపి చూపించాడు, తెల్లగా మెరిసింది. లోపలికి వెళ్లి బల్ల మీద పెట్టి చూద్దామని నేను అని ఉండవలసింది, అనలేదు. దానికి బదులు నాకు తెలిసిన విషయాలన్నీ కవరు మీద వెతకడం మొదలుపెట్టాను. నిర్వాణ గాయకుడు కర్ట్ కొబేన్ పేరులో ఒక ‘డి’ అక్షరం ఎక్కువగా చేర్చి, ఇంటిపేరును ‘సి’తో కాక ‘కె’తో మొదలుపెట్టి వేసిన ఆనాటి స్పెల్లింగ్ ఉందా అని చూశాను, ఉంది. ఈ ఆల్బమ్‌లో ఒక్క స్వరమైనా వాయించకపోయినా, రికార్డింగు ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు తానే కట్టినందుకు గిటారిస్టుగా పేరు వేయించుకున్న జేసన్ ఎవర్‌మన్ పేరు ఉందా అని చూశాను, అదీ ఉంది. అవి రెండూ కనబడగానే నాకు ధైర్యం వచ్చింది. ఆ వివరాలు తర్వాత వచ్చిన ప్రతుల మీద కూడా ఉంటాయన్న ఆలోచనే ఆ క్షణంలో రాలేదు. ఆల్బమ్ చరిత్ర నాకు ఎంత తెలుసో పరీక్షించుకున్నాను తప్ప, నా చేతిలో ఉన్న వస్తువును పరీక్షించలేదు. మూడు రోజులుగా నన్ను నిద్రపోనివ్వనిది డబ్బు పోవడం కన్నా ఇదే.

డబ్బు పంపేటప్పుడు మరో తప్పు చేశాను. యాప్‌లో బంధుమిత్రులకు పంపే పద్ధతిలో పంపితే యాభై డాలర్లు తగ్గిస్తానన్నాడు, సరేనన్నాను. ఆ పద్ధతిలో పంపిన డబ్బుకు కొనుగోలుదారుడి రక్షణ వర్తించదని నాకు ముందే తెలుసు.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక రికార్డు పెట్టాను. మొదటి వైపు అనుమానించవలసినది ఏమీ వినిపించలేదు, అయిదో పాటగా ‘లవ్ బజ్’ రావలసిన చోటే వచ్చింది. రెండో వైపు ‘నెగటివ్ క్రీప్’తో మొదలై ‘సిఫ్టింగ్’ దాకా సాగింది. అమెరికాలో 1989లో వచ్చిన రికార్డు ఆ పాటతో ముగుస్తుంది. మొత్తం పదకొండు పాటలు. ముల్లు ఎత్తడానికి లేచి ప్లేయరు దగ్గరికి వెళ్లాను. చెయ్యి చాచే లోపల ఇంకో పాట మొదలైంది. అది ‘బిగ్ చీజ్’.

అక్కడే నిలబడిపోయాను. ఆ పాట 1988 నవంబరులో వచ్చిన ‘లవ్ బజ్’ సింగిల్‌కు రెండో వైపు పాట. అమెరికా ఆల్బమ్‌లో అది లేదు. బ్రిటన్‌లో వేసిన ప్రతిలో ఉంది గాని, అక్కడ ‘లవ్ బజ్’ను తీసేసి దాని స్థానంలో పెట్టారు, నా దాంట్లో రెండూ ఉన్నాయి కాబట్టి ఇది బ్రిటన్‌ది కూడా కాదు. ఆ తర్వాత ‘డౌనర్’ కూడా వచ్చింది. ఈ రెండు పాటలనూ చివర చేర్చిన సీడీని సబ్ పాప్ 1992లో తెచ్చింది. అంటే నా ముందు తిరుగుతున్న రికార్డును అలాంటి తర్వాతి ప్రచురణ ఏదో ఒకదాని నుంచి తయారుచేశారన్నమాట. 1989లో అచ్చయిన రికార్డులో ఆ రెండు పాటలూ ఆ చోట వినిపించే అవకాశమే లేదు.

దీపం వేసి కవరును మళ్లీ చూశాను. అంచుల దగ్గర అరిగినట్టు కనబడిన చోట వేలు పెట్టి రాస్తే నున్నగా తగిలింది. కాగితం అరగలేదు, అరిగిన కవరును స్కాన్ చేసి ఆ అరుగుదలతో సహా అచ్చువేశారు. కుడివైపు కింది మూలన ఉన్న గోధుమరంగు మరక కూడా ముద్రణలో భాగమే. నా భార్య వచ్చి సంగతి విని, “చేతికి ఇవ్వనన్నప్పుడే లేచి వచ్చేయాల్సింది కదండీ” అంది. ఆమెకు నేను జవాబు చెప్పలేకపోయాను.

మర్నాడు పొద్దున ఆయనకు మర్యాదగానే రాశాను. పాటల సంగతి చెప్పి, రికార్డు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వమన్నాను. అది అరుదైన ప్రతి కనుక పాటలు ఎక్కువ ఉన్నాయని మొదట సమాధానం వచ్చింది. నేను పైన రాసిన వివరాలన్నీ వరుసగా పంపాక ఇంకో సమాధానం వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో చెబుతున్నాను: “నేను ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ణి. ఈ పాటల గురించి మీ దేశంవాళ్లు నాకు చెప్పనక్కరలేదు. మీకు గోడకు తగిలించుకోవడానికి ఒక బొమ్మ కావాలి, అది దొరికింది.” ఆ వెంటనే నన్ను బ్లాక్ చేశాడు.

నకిలీ అమ్మినవాడు దొరికిపోయినప్పుడు అబద్ధమాడతాడు, అది నేను ఊహించినదే. ఈ మాట మాత్రం ఊహించలేదు. విశాఖపట్నంలో హాస్టల్ గదిలో, ఎవరో కాపీ చేసి ఇచ్చిన క్యాసెట్‌లో ‘నెవర్‌మైండ్’ విన్నవాణ్ణి నేను. పాటల పేర్లు బాల్ పెన్నుతో రాసి ఉన్న ఆ క్యాసెట్ టేపు తెగిపోతే గోళ్లరంగుతో అతికించి మళ్లీ విన్నాం. 1994 ఏప్రిల్‌లో కొబేన్ చనిపోయిన వార్త తెలిసిన రోజున మా గదిలో నలుగురం అన్నం తినలేదు. ఆ సంగీతం మీద ఆయనకు పుట్టిన ఊరు ఇచ్చిన హక్కు ఎంతో, వినడం వల్ల మాకు వచ్చిన హక్కూ అంతే. ఆ ఊరి సంగీతాన్నే నకిలీ చేసి అమ్ముతూ నన్ను బయటివాడినని అనడాన్ని నేను క్షమించలేను.

ఆయన ఇంకో వస్తువు కూడా అమ్ముతున్నాడు కాబట్టి అది కూడా చెప్పాలి. ‘నెవర్‌మైండ్’ సీడీ, 1991 సెప్టెంబరు నాటి మొదటి విడత అంటున్నాడు. మొదటి విడతలో దాదాపు 20,000 సీడీలలో చివరి రహస్య గీతం (కవరు మీద పేరు వేయని పాట) ‘ఎండ్‌లెస్, నేమ్‌లెస్’ మాస్టరింగ్‌లో, అంటే అచ్చుకు ముందు అసలు ప్రతిని సిద్ధం చేసే దశలో, పొరపాటున తప్పిపోయింది, తర్వాతి వాటిలో చేర్చారు. ఆ పాట వినిపిస్తే అది ఆ తొలి విడత సీడీ కాదు. వినిపించనంత మాత్రాన తొలి విడతదే అనుకోవడానికీ వీల్లేదు. డబ్బు ఇచ్చే ముందు చివరి దాకా వినిపించమని అడగండి.

రికార్డు అయితే పూర్తిగా బయటికి తీయించి, లేబుల్‌కూ చివరి పాటకూ మధ్య ఖాళీగా ఉండే డెడ్ వాక్స్ భాగాన్ని వెలుతురులో చూడండి. అక్కడ గీసి ఉన్న అక్షరాలనూ అంకెలనూ రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో అసలు ప్రతికి ఇచ్చిన వివరాలతో పోల్చండి. కవరు అరుగుదలను కంటితో చూసి వదిలేయక వేలితో తడిమి చూడండి. రక్షణ లేని పద్ధతిలో డబ్బు పంపకండి.

ఈ పోస్టు రాస్తుండగానే ఆయన మరో తెల్ల ‘బ్లీచ్’ను అమ్మకానికి పెట్టినట్టు ఒక మిత్రుడు ఫోటో పంపాడు. ధర 1,250 డాలర్లు. కుడివైపు కింది మూలన అదే గోధుమరంగు మరక, నా కవరు మీద ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే ఉంది.