నాజీలు దోచిన పెయింటింగ్స్ వాపసు: కోర్టు మేలా, కమిటీ మేలా?

యూదు కుటుంబాల నుంచి నాజీలు లాక్కున్న పెయింటింగ్స్ గురించి రాసినప్పుడల్లా పాఠకులు అడిగేది ఇదే: వారసులు కోర్టుకెక్కాలా, నాజీలు దోచిన కళాఖండాలకు న్యాయమైన పరిష్కారం వెతకాలని పలు దేశాలు ఒప్పుకున్న 1998 వాషింగ్టన్ సూత్రాల తర్వాత యూరప్ దేశాలు పెట్టుకున్న కమిటీల దగ్గరికి వెళ్లాలా?

కోర్టు అనగానే అందరికీ వియన్నా యూదు కుటుంబంలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ మరియా ఆల్ట్‌మన్ గుర్తొస్తుంది. ఆస్ట్రియా కమిటీ 1999లో ఆమెకు కాదని చెప్పింది. ఆస్ట్రియా చిత్రకారుడు క్లిమ్ట్ గీసిన ఆమె పిన్ని అడెలె చిత్రం సహా ఐదు పెయింటింగ్స్ 2006లో చేతికొచ్చాయి. అయితే అమెరికా సుప్రీంకోర్టు 2004లో తేల్చింది ఆస్ట్రియా మీద దావా నడుస్తుందని మాత్రమే. చిత్రాలు ఎవరివో చెప్పింది, ఆ తర్వాత ఇరుపక్షాలూ ఒప్పుకుని పెట్టుకున్న, వియన్నాలో కూర్చున్న ముగ్గురు మధ్యవర్తులు.

నా దృష్టిలో అసలు విషయం ఖర్చు కాదు, ఆలస్యం కూడా కాదు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఏ ప్రశ్న అడుగుతారన్నదే. కాసిరర్ కేసు చూడండి. 1939లో జర్మనీ దాటి ప్రాణాలతో బయటపడడానికి యూదు మహిళ లిల్లీ కాసిరర్ తన దగ్గరున్న, ఫ్రెంచ్ చిత్రకారుడు పిస్సారో గీసిన చిత్రాన్ని, వానలో తడిసిన పారిస్ వీధిని, 900 మార్కులకు వదులుకుంది. ఆ డబ్బు కూడా ఆమె ముట్టుకోలేని ఖాతాలో పడింది. చిత్రం ఇప్పుడు మాడ్రిడ్ మ్యూజియంలో ఉంది. దాని వెనక బెర్లిన్ అన్న అక్షరాలతో, కాసిరర్ గ్యాలరీ లేబుల్ చిరిగిన ముక్క ఇంకా అంటుకుని ఉంది. దోపిడీ జరిగిందని అందరూ ఒప్పుకుంటారు. అయినా 2005లో వేసిన దావా ఇరవై ఏళ్లుగా నలుగుతూనే ఉంది. ఎందుకంటే వాదన దోపిడీ మీద కాదు, స్పెయిన్ చట్టం వర్తిస్తుందా, కాలిఫోర్నియా చట్టమా అన్నదాని మీద. స్పెయిన్ చట్టం ప్రకారం కొన్నేళ్లు బహిరంగంగా అనుభవంలో ఉంచుకుంటే సొంతమైపోవచ్చు. దావా వేసిన లిల్లీ మనవడు క్లాడ్ 2010లో పోయాడు.

కమిటీ ముందు ఈ గొడవ ఉండదు. చిత్రం ఆ ఇంటి నుంచి ఎలా పోయిందన్నదే మొదటి ప్రశ్న. డచ్ యూదు చిత్రాల వ్యాపారి గౌడ్‌స్టికర్ వారసులకు నెదర్లాండ్స్ 2006లో 202 పెయింటింగ్స్ ఇచ్చింది ఈ దారిలోనే. అందుకే నా మొగ్గు కమిటీ వైపు.

అలాగని కమిటీలన్నీ మంచివని అనను. అదే దేశపు కమిటీ 2018లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో ఉన్న, రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ గీసిన చిత్రం విషయంలో మ్యూజియం అవసరాన్నీ తూకం వేసి, వారసులకు ఇవ్వక్కర్లేదంది. దోచిన సొమ్ము ఎవరికి ఎక్కువ పనికొస్తుందని అడగడం అన్యాయం. కోర్టుకెళ్లినా 2020లో వాళ్లకు ఓటమే. చివరికి విమర్శలు గట్టిగా వచ్చాక నగరమే 2022లో ఇచ్చేసింది.

ఇక కోర్టు బయట రాజీ అనేది మూడో దారి. ఆస్ట్రియా చిత్రకారుడు షీలె గీసిన వాలీ అనే యువతి చిత్రం విషయంలో 2010లో 1.9 కోట్ల డాలర్లు ఇచ్చి వియన్నా మ్యూజియమే ఉంచుకుంది. డబ్బు చాలనుకునేవాళ్లకు సరే.

కమిటీకి వెళ్లాలనుకుంటే ముందు చూసుకోవాల్సింది ఒకటే: మ్యూజియం ఒప్పుకుంటేనే విచారణ జరుగుతుందా, లేక వారసులు ఒక్కరే విచారణ కోరగలరా? జర్మనీ పాత కమిషన్ దగ్గర ఇరుపక్షాల అంగీకారం కావాల్సి వచ్చేది. 2025లో దాని స్థానంలో వచ్చిన మధ్యవర్తిత్వ మండలిని వారసులు తమంతట తామే ఆశ్రయించే వీలు పెట్టారు.