సంపత్ వినాయక గుడిలో బండి పూజ: నమ్మకం అంతంతమాత్రంగా ఉన్నవాడి రివ్యూ

నాలుగు స్టార్లు. గుడికి స్టార్లు ఇవ్వడమేంటి, కళ్లు పోతాయి అంటుంది మా అమ్మ. నేను ఇస్తున్నది దేవుడికి కాదు, బండి పూజ అనే సర్వీసుకి. దేవుడి సంగతి నాకు తెలీదు. ఉన్నాడని గట్టిగా అనలేను, లేడని మైకు పట్టుకుని వాదించే ఓపికా లేదు. నాలాంటి వాళ్లు వైజాగ్‌లో చాలామందే ఉన్నారు, కాకపోతే పండగల్లో కనపడరు, పులిహోర దగ్గర కనపడతారు.

ఇక్కడ కొత్త బండి కొన్నవాళ్లలో ఈ గుడి ఉన్న ఆశీల్‌మెట్టలో ఆగకుండా నేరుగా ఇంటికెళ్లేవాళ్లు తక్కువ. నేను ఆగక్కర్లేదనే అనుకున్నాను. అమ్మ వాదించలేదు, ఒక్కటే అంది: "నీకు నమ్మకం నేకపోతే నేదు, ఆ బండి మీద ఎనకాల కూకునేది నేను కదేటి?" దీనికి ఏ హేతువాది దగ్గరా జవాబు ఉండదు. వెళ్లాం.

సర్వీసు గురించి ముందు చెప్పేస్తాను. టికెట్ తీసుకుంటారు, బండిని గుడి ముందు రోడ్డు పక్కన వరసలో పెడతారు. పూజారి వచ్చి గోత్రం, పేరు అడిగి సంకల్పం చెబుతారు. పసుపు, కుంకుమ, దండ, కర్పూరం, కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు. బండిని ముందుకు కదిపి నిమ్మకాయలు తొక్కిస్తే అయిపోయింది. టిఫిన్ సెంటర్లో దోసె రావడానికి పట్టేంత టైం కూడా పట్టదు. నా ముందు ఒక పెద్ద కారు, వెనక ఒక సరుకు ఆటో, మధ్యలో నా స్కూటర్. పూజారి గారు కారుకి ఎంతసేపు మంత్రం చదివారో ఆటోకీ అంతే చదివారు, నేను చెవులు రిక్కించి మరీ విన్నాను. ఆ ఆటో అతను అప్పు చేసి కొన్నాడని మొహం మీదే రాసుంది. హారతి అద్దుకునేటప్పుడు కళ్లు మూసుకుని చాలాసేపు తెరవలేదు. పక్కన కారాయన అప్పటికే ఫోనులో ఫొటోలు పంపించుకుంటున్నాడు.

నేను పనిచేసేది ఇన్సూరెన్స్ క్లెయిముల్లో. గుద్దుకున్న బండ్లు చూడటమే నా ఉద్యోగం. ముందు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతూనే ఉంటాయి, స్వస్తిక్ చెక్కుచెదరదు, ఫోర్కు మాత్రం వంగిపోయి ఉంటుంది. మొదట్లో ఇదంతా చూసి నవ్వొచ్చేది. తర్వాత బండి ఓనర్లు చెప్పేది వినడం మొదలుపెట్టాను. "కాలే పోయింది సార్, ప్రాణం దక్కింది, స్వామి దయ." ఏమీ కాకపోతే స్వామి కాపాడినట్టు, కొంచెం అయితే పెద్దది తప్పించినట్టు, పెద్దదే అయితే కర్మ. ఈ లెక్కలో దేవుడు ఎప్పుడూ ఫెయిలవడు. అందుకే, ప్రార్థనలు ఫలిస్తాయి చూశారా అని రుజువులు చూపించేవాళ్లంటే నాకు చిరాకు.

ఈ గుడికి అలాంటి రుజువు ఒకటి ఉంది, అదీ మామూలుది కాదు. 1962లో ఒక వ్యాపార కుటుంబం తమ ఆఫీసు ఆవరణలో కట్టుకున్న చిన్న గుడి ఇది. 1971 యుద్ధం రోజుల్లో తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఇక్కడికొచ్చి ఊరిని కాపాడమని మొక్కుకున్నారని, 1001 కొబ్బరికాయలు కొట్టించారని చెబుతారు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరం దగ్గరే పేలి మునిగిపోయింది. ఆ శబ్దానికి ఊళ్లో కిటికీలు అదిరాయట. లైన్లో నిలబడ్డప్పుడు ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుకోకుండా ఉండరు, నా వెనక ఉన్న పెద్దాయనా ఎత్తుకున్నాడు, ఆయన చెబుతుంటే నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్లు గగుర్పొడిచింది.

కానీ ఘాజీలో 93 మంది ఉన్నారు. వాళ్లూ బయల్దేరే ముందు వాళ్ల దేవుడికి చెప్పుకునే ఉంటారు, వాళ్ల అమ్మలూ చెప్పుకునే ఉంటారు. ఇది కొత్త ప్రశ్నేం కాదు, రెండు వేల ఏళ్ల కిందటే సిసెరో అనే రోమన్ రచయిత ఒక కథ రాశాడు. డయాగొరస్ అనే నాస్తికుడికి, దేవుడికి మొక్కుకుని ఓడ ప్రమాదాల నుంచి బయటపడ్డవాళ్ల బొమ్మలు చూపించి ఇప్పుడేమంటావు అని అడిగారు. మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ల బొమ్మలు ఎక్కడున్నాయి అన్నాడాయన. బీచ్ రోడ్డులో ఆ 1971 యుద్ధ విజయ స్తూపం ముందు నిలబడినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

కృష్ణన్ గారి కథలో జనం చెప్పకుండా వదిలేసే ముక్క ఇంకోటుంది. ఘాజీ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. ఆ విక్రాంత్‌ని ఆయన ముందే అండమాన్ వైపు పంపించేసి, అది వైజాగ్‌లోనే ఉన్నట్టు శత్రువుని నమ్మించారు. దొంగ సిగ్నళ్లు పంపించారు, ఓడలో అంతమంది సిబ్బందికి కావాల్సిన సరుకులు ఇక్కడి కాంట్రాక్టర్ల దగ్గర ఆర్డరిచ్చి ఆ కబురు బయటికి పొక్కేలా చేశారు. ఘాజీ మునగడానికి మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే (నీళ్ల లోపల పేలే బాంబులు) కారణమని మన నేవీ అంటుంది, లోపలే ఏదో పేలిందని, వాళ్ల మందుపాతరే వాళ్లకి తగిలిందని అటువైపు వాదన. ఏదైనా కానీ, గుడికెళ్లిన ఆ పెద్దమనిషి కొబ్బరికాయలు కొట్టేసి ఊరుకోలేదు. తన చేతిలో ఉన్నదంతా చేశాడు, చేతిలో లేనిది వినాయకుడికి అప్పజెప్పాడు. నాకు ఈ గుడి మీద గౌరవం కలిగింది ఘాజీ మునిగినందుకు కాదు, ఈ రెండో ముక్క వల్ల.

చేతిలో లేనిది అన్నాను కదా, నా ఉద్దేశంలో అసలు విషయం అంతా అక్కడే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో మాలినోవ్‌స్కీ అనే ఆంత్రోపాలజిస్టు పపువా న్యూగినీ దగ్గర ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి జాలర్లని గమనించాడు. తీరానికి లోపల ఉండే ప్రశాంతమైన నీళ్లలో చేపలు పట్టేటప్పుడు వాళ్లకి మంత్రాలూ తంత్రాలూ ఏమీ లేవు. అదే మనుషులు నడిసముద్రంలోకి వెళ్లేముందు మాత్రం పెద్ద తంతు చేసేవాళ్లు. తెలివి తక్కువై కాదు, ఎక్కడ తమ నేర్పు సరిపోతుందో ఎక్కడ సరిపోదో వాళ్లకి బాగా తెలుసు. మన ఫిషింగ్ హార్బర్‌కి జూన్ మధ్యలో వెళ్లి చూడండి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం అయ్యాక బోట్లకి పసుపు రాసి, దండలేసి, గంగమ్మకి మొక్కి బయల్దేరతారు. అదే బోటులో జీపీఎస్ ఉంటుంది, వైర్‌లెస్ సెట్టు ఉంటుంది, చేపల్ని పట్టిచ్చే సోనార్ కూడా కొన్నిట్లో ఉంటుంది. ఒకటుందని రెండోది మానలేదు.

మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్‌కి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మంచిదే. కానీ మేం ఇచ్చేది గుద్దుకున్న తర్వాత డబ్బు. గుద్దుకోకుండా ఉండటానికి ఏ కంపెనీ దగ్గరా పాలసీ లేదు. హనుమంతవాక దిగుడులో వెనక వచ్చే లారీ బ్రేకులు ఎలా ఉన్నాయో మనకి తెలీదు, తెలుసుకునే దారీ లేదు. ఆ తెలియని చోట ఎవరో ఒకరిని కూర్చోబెట్టకపోతే కొంతమంది బండి తీయలేరు. మా అమ్మ అలాంటిదే. నేను కూర్చోబెట్టకుండానే తీయగలను, అది ధైర్యమో ఆలోచించకపోవడమో మాత్రం చెప్పలేను.

నమ్మలేకపోయేవాళ్ల సంగతి కూడా చెప్పాలి. సైన్సు చదివి నాస్తికులైనవాళ్లని నేను తక్కువ చూశాను. అడిగిన రోజున ఎవరూ పలక్కపోవడం వల్ల మానేసినవాళ్లే ఎక్కువ. 2020 మే 7 తెల్లవారుజామున మన ఊరి ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై పదిమందికి పైగా చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్లు, పిల్లలు. సింహాద్రి అప్పన్న కొండ ఎంతో దూరం కాదు అక్కడికి. మా ఆఫీసులో ఆ పక్క నుంచి వచ్చే ఒకాయన ఆ రోజు నుంచి గుడి గడప తొక్కలేదు. ఆయన భార్య ఆ ఏడాది నుంచే గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది, అక్కడ ఎవరైనా స్వయంగా అమ్మవారిని తాకి పూజ చేసుకోవచ్చు కదా, మధ్యలో ఎవరూ వద్దు నాకు అంటుందట. ఒకే ఇల్లు, ఒకే రాత్రి, పీల్చింది ఒకే గాలి. ఆయనకి అది దేవుడు లేడనడానికి రుజువు, ఆవిడకి ఇంకా గట్టిగా పట్టుకోవడానికి కారణం. రుజువులతో తేలే విషయమైతే వాళ్లిద్దరూ ఈపాటికి ఒక మాట మీద ఉండాలి. ఇద్దరిలో ఎవరిది తప్పని అడిగితే నేను చెప్పను, ఆ కాలనీలో ఆ పొద్దున పరిగెత్తనివాడికి చెప్పే హక్కు లేదనుకుంటాను.

నమ్మనివాళ్లకి ఇంకో ఇబ్బంది ఉంది, ఎవరూ పట్టించుకోరు. బండి కొన్న ఆనందం, ఆ వెనకే ఉండే టెన్షన్, ఇవి పట్టుకుని వాళ్లు ఎక్కడికెళ్లాలి? 1940లో ముదునూరులో గోరా, సరస్వతి దంపతులు నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో విజయవాడకి మార్చారు. కుల నిర్మూలన, సహపంక్తి భోజనాలు, మూఢనమ్మకాల మీద పోరాటం, గొప్ప పనులే చేశారు. కానీ కొత్త స్కూటర్ పక్కన నిలబడి, నీ పేరు గట్టిగా చదివి, జాగ్రత్తగా వెళ్లిరా అని పంపించే ఏర్పాటు ఏ హేతువాద సంఘంలోనూ నేను చూడలేదు. ఉంటే చెప్పండి, దానికీ రివ్యూ రాస్తాను.

ఇది మనిషి ఎదురుగా ఉండి చేయాల్సిన పని అని గట్టిగా ఎందుకంటున్నానంటే, మా అక్క కువైట్ నుంచి ఒక యాప్‌లో ఇలాంటి పూజే బుక్ చేసింది. పేరు చెప్పను. వీడియో వచ్చింది, అందులో వేరే ఎవరిదో గోత్రం చదివారు, కొబ్బరికాయ పగిలేలోపే వీడియో కట్టయింది. కంప్లయింటిస్తే "మీ పూజ విజయవంతంగా పూర్తయింది" అని మెసేజ్. అక్క డబ్బు పోయినందుకు కాదు, తన పేరు ఎవరూ పలకలేదని బాధపడింది. దానికి సున్నా ఇచ్చే వీల్లేదు కాబట్టి ఒక స్టారు.

మరి ఇక్కడ ఐదో స్టారు ఎందుకు తగ్గించానంటే, అది గుడి తప్పు కాదు, మనది. నేను నిలబడి చూస్తుండగానే నిమ్మకాయలు తొక్కించిన బండ్ల మీద ముగ్గురేసి ఎక్కి, కొత్త హెల్మెట్ ప్లాస్టిక్ కవరుతో సహా హ్యాండిల్‌కి తగిలించుకుని వెళ్లిపోయారు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం అది నెత్తి మీద ఉండాలి. అడ్మిరల్ గారు విక్రాంత్‌ని ఇక్కడే వదిలేసి కొబ్బరికాయలు మాత్రమే కొట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించుకోండి.

వెళ్లేవాళ్లకి: సెలవు రోజులు, సంకటహర చతుర్థి, దసరా టైం తప్పించండి, పొద్దున్నే వెళ్తే హాయి. చిల్లర పట్టుకెళ్లండి. కొబ్బరికాయ కొట్టేటప్పుడు కొంచెం దూరంగా ఉండండి, నా చొక్కా మీద నీళ్లు పడ్డాయి. తొక్కించిన నిమ్మకాయల మీద టూవీలర్ చక్రం జారుతుంది, గట్టిగా రేజ్ చేయకుండా నెమ్మదిగా నడిపించండి. వెనకాల అమ్మ కూర్చుని ఉంటే ఆవిడకీ ఒక హెల్మెట్ కొనండి, మా అమ్మ జడకి అడ్డమొస్తుందని గొడవపెట్టింది, పూజారి గారు "పెట్టుకోమ్మా" అన్నాక పెట్టుకుంది.