సోలార్ పవర్ బ్యాంకు కొనేముందు కాటా మీద పెట్టి చూడండి: బెజవాడలో నేను మోసపోయిన తీరు

శివరాత్రికి నల్లమల దారిన శ్రీశైలం నడిచే వాళ్లు, సూర్యలంకకో పాపికొండలకో రెండ్రోజులు పోయే వాళ్లు ఇది చదివాక కొనండి. బీసెంట్ రోడ్డు పక్క సందులో 1,499 రూపాయలు పోసి నేను కొన్న సోలార్ పవర్ బ్యాంకు సంగతి ఇది.

నల్ల డబ్బా, దాని మీద అరచేయంత ప్యానెల్, పెద్దక్షరాలతో 50000 ఎంఏహెచ్ (లోపల ఎంత ఛార్జి పడుతుందో చెప్పే లెక్క). కొట్లో అబ్బాయి తన ఫోన్ టార్చి ప్యానెల్ మీద వేశాడు. పచ్చ లైటు వెలిగింది. "టార్చికే ఎక్కుతోంది సార్, ఇంక మన ఎండకి చెప్పాలా?" అన్నాడు. పడిపోయాను. ప్యానెల్‌కి వెలుతురు తగిలితే చాలు, ఆ లైటు వెలుగుతుంది. లోపలికి ఎంత ఎక్కుతోందన్నది దానికి పట్టదు. బిల్లు అడిగితే ఎస్టిమేట్ చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ చూడగానే వెనక్కి తిరగాల్సింది.

ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి అడవిలోకి దిగాం, నేనూ మా బావమరిదీ. డబ్బాని బ్యాగు వెనక తగిలించాను, నడుస్తుంటే ఎండకి అదే నిండుతుందిలే అని. నాగలూటి దాటి పెద్దచెరువు చేరేసరికి మా రెండు ఫోన్లూ ఒక్కోసారి నింపుకున్నాం, డబ్బా ఖాళీ. అదీ ఇంట్లో ప్లగ్గుకి పెట్టి తెచ్చిన ఛార్జే. మర్నాడు పొద్దుటి నుంచి మోసి మోసి భీముని కొలను దగ్గర ఫోన్ తగిలిస్తే 3 శాతం ఎక్కి ఆగింది. "బావా, దీని బదులు రెండు కొవ్వొత్తులు తెచ్చుకోవాల్సింది" అన్నాడు వాడు. కైలాసద్వారం మెట్లు ఎవరో ముందు నడుస్తున్న వాళ్ల టార్చి వెలుగులో ఎక్కాం.

ఇంటికొచ్చాక కాగితం తీసుకుని కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. నా ప్యానెల్ 14 సెంటీమీటర్ల పొడవు, 7 వెడల్పు. అంటే దాని మీద పడే ఎండే 10 వాట్లు. మంచి ప్యానెల్ అయితే అందులో ఐదో వంతు కరెంటవుతుంది, 2 వాట్లు. అదీ సూర్యుడికి ఎదురుగా కదలకుండా పెడితే. 5000 ఎంఏహెచ్ ఫోను నిండాలంటే ఎక్కేటప్పుడు వృథాగా పోయేది కూడా కలిపి పాతిక వాట్-అవర్లు (ఒక వాటు చొప్పున గంటసేపు వస్తే ఒక వాట్-అవర్) కావాలి. రోజుకు 5 గంటల గట్టి ఎండ వేసుకున్నా రెండున్నర రోజులు! ఇక వీపు మీద ఊగుతూ, చెట్ల నీడలో పోతుంటే ఏమొస్తుంది? ప్యానెల్లోని సెల్స్ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఓ మూల నీడ పడినా వచ్చే కరెంటు మొత్తం పడిపోతుంది.

ఆ 50000 సంగతి మా వీధి కిరాణా కొట్టు కాటా తేల్చింది: 290 గ్రాములు. 3000 ఎంఏహెచ్ పైచిలుకు పట్టే లిథియం సెల్ ఒక్కోటీ దాదాపు 45 గ్రాములుంటుంది. 50000 కావాలంటే 15 సెల్స్ పెట్టాలి, అవే 700 గ్రాములకు దగ్గర. ఇక్కడ డబ్బా, ప్యానెల్, వైరు అన్నీ కలిపి 290. (నిజంగా అంత ఉన్నా చిక్కే. 185 వాట్-అవర్లవుతుంది, 160 దాటిన పవర్ బ్యాంకుని గన్నవరంలో విమానం ఎక్కనివ్వరు.)

ఇంతవరకూ పోయింది డబ్బే. భయం వేసింది ఏప్రిల్లో. కొట్లో అబ్బాయి "రోజంతా ఎండలో పెట్టండి సార్" అన్నాడుగా అని డాబా మీద పెట్టాను. సాయంత్రం చూస్తే డబ్బా అప్పంలా ఉబ్బి, అంచు విచ్చుకుంది. లిథియం సెల్‌కి 45 డిగ్రీలు దాటాక ఛార్జి ఎక్కించకూడదు. మన వేసవిలో గాలే 42, 43 ఉంటుంది, ఎండలో నల్ల డబ్బా ఎంత కాలుతుందో చేయి పెడితే తెలుస్తుంది. ప్యానెల్‌కి ఎండ కావాలి, బ్యాటరీకి నీడ కావాలి. ఆ రెంటినీ ఒకే డబ్బాలో అతికించడమే తప్పు.

పట్టుకెళ్లి అడిగితే "చైనా మాల్ సార్, గ్యారంటీ ఉండదు" అన్నారు. బిల్లు లేకపోయినా 1915కి ఫోన్ చేశాను, వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. ఫిర్యాదు రాసుకున్నారు గానీ, కొన్నట్టు రుజువేదని అడిగితే ఎస్టిమేట్ చీటీ తప్ప నా దగ్గర ఏముంది?

రెండు మూడు రోజుల ప్రయాణానికి సోలారే అక్కర్లేదు. ఇంట్లో నింపుకున్న అసలైన 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఫోన్ని రెండుసార్లకు పైనే నింపుతుంది. దాని మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు ఎవరో వస్తుంది. నా డబ్బా మీద నంబరే లేదు. వారం రోజులు కరెంటు లేని చోట ఉండేవాళ్లయితే 20 వాట్లకు తగ్గని మడత ప్యానెల్ విడిగా కొనండి, దాన్ని ఎండలో పరిచి, వైరు లాగి పవర్ బ్యాంకుని గుడారం నీడలో పెట్టండి.

నాది ఇప్పుడు మెట్ల కింద ఇసుక బకెట్లో ఉంది. మీది ఉబ్బితే పొడవకండి, ఛార్జికి పెట్టకండి, చెత్త బండిలో వేయకండి. బండిలో నలిగితే నిప్పంటుకుంటుంది. ఈ-వేస్ట్ తీసుకునే వాళ్లకే ఇవ్వాలి.