బెర్లిన్ ఫిల్హార్మోనిక్ డిజిటల్ కాన్సర్ట్ హాల్: ఒక బ్యాండు మాస్టారి రివ్యూ

బెర్లిన్ ఫిల్హార్మోనిక్ అనే జర్మన్ ఆర్కెస్ట్రా కచేరీలను డబ్బు కట్టి నెట్‌లో చూసే సర్వీసు ఇది. డబ్బుకి తగ్గ సరుకే, కానీ అందరికీ కాదు. రాత్రి ఏదో ఒక పాట పెట్టుకుని నిద్రపోయేవాళ్లకి దీని అవసరం లేదు, నెట్‌లో ఊరికే దొరికేది బోలెడుంది. నలుగురిని కూడగట్టి వాయింపించే పని మీదైతే మాత్రం తీసుకోండి.

నాది పర్లాకిమిడి. క్లారినెట్ వాయిస్తాను, బ్యాండు మేళం నడుపుతాను. అటు పాతపట్నం, టెక్కలి, ఇటు కాశీనగర్, గుణుపురం దాకా పెళ్లి ఊరేగింపులకు వెళ్తాం.

ఈ సర్వీసు 2008లో మొదలైంది. ఆర్కెస్ట్రావాళ్లే సొంతంగా నడుపుతారు. వాళ్ల హాల్లో జరిగే కచేరీలు లైవ్‌లో వస్తాయి, కొన్నాళ్లకు ఆర్కైవ్‌లో చేరతాయి. నేను డబ్బు కట్టింది కండక్టర్ జుబిన్ మెహతా కోసం. కండక్టర్ అంటే తాను వాయించకుండా, ఎదురుగా నిలబడి చేతులతో ఆర్కెస్ట్రాని నడిపించేవాడు. 1936లో బొంబాయిలో పుట్టిన పార్సీ ఆయన. తండ్రి మెహ్లీ మెహతా వయొలిన్ విద్వాంసుడు, బొంబాయిలో సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టినవాడు. కొడుకు పద్దెనిమిదేళ్లకే వియన్నా వెళ్లి స్వరోవ్‌స్కీ దగ్గర కండక్టింగ్ నేర్చుకున్నాడు, వయొలిన్ జాతిలో అన్నిటికన్నా పెద్దదైన డబుల్ బేస్ కూడా వాయించాడు. 1958లో లివర్‌పూల్‌లో కండక్టర్ల పోటీలో గెలిచాడు. ముప్పై నిండకుండానే అటు మాంట్రియల్, ఇటు లాస్ ఏంజెలెస్, రెండు ఆర్కెస్ట్రాలూ ఆయన చేతిలోనే ఉన్నాయి. తర్వాత 1978 నుంచి 1991 వరకు న్యూయార్క్ ఫిల్హార్మోనిక్. ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్‌ని అయితే 2019 దాకా వదల్లేదు. ఈ బెర్లిన్ వాళ్లతో మొదటిసారి పనిచేసింది 1961లో. మన ప్రభుత్వం 2001లో పద్మవిభూషణ్ ఇచ్చింది.

ఇదంతా ఎక్కడైనా చదువుకోవచ్చు. ఇక్కడ కొత్తగా దొరికేది ఆయన ముఖం. మామూలుగా హాల్లో కూర్చున్నవాడికి కండక్టర్ వీపే కనిపిస్తుంది. 1963లో తెరిచిన ఆ బెర్లిన్ హాల్లో వేదిక చుట్టూ సీట్లుంటాయి. ఆర్కెస్ట్రా వెనక కూర్చున్నవాళ్లు ఆయన్ని ఎదురుగా చూడొచ్చు. కెమెరాలు కూడా అటునుంచి తీస్తాయి. కాబట్టి వాయించేవాడికి ఏం కనిపిస్తుందో మనకీ అదే కనిపిస్తుంది. కుడిచేయి తాళం చూపిస్తూనే ఉంటుంది, ఎడమచేయి ఎవరిని తగ్గించాలో, ఎవరిని లేపాలో చెబుతుంది. ఒకడు వాయించబోయే ముందే చూపు వాడి మీదికి వెళ్లిపోతుంది. నా పని సగం అదే. నోట్లో క్లారినెట్ ఉంటుంది కనక కనుబొమలతో కానిస్తుంటాను.

నేను ఎక్కువగా చూసింది మెహతా 2012లో నడిపించిన కచేరీ, ఆస్ట్రియా స్వరకర్త బ్రూక్నర్ రాసిన ఎనిమిదో సింఫనీ. సింఫనీ అంటే ఆర్కెస్ట్రా మొత్తం వాయించే, కొన్ని భాగాలున్న పెద్ద రచన. గంటకు పైగా సాగుతుంది. హార్న్ వాళ్లలో నలుగురు మధ్యమధ్యలో వాగ్నర్ ట్యూబాలనే మరో రకం ఇత్తడి బూరాలు అందుకుంటారు. మూడో భాగం అడాజియో, చాలా నెమ్మది. అది మెల్లమెల్లగా పెరిగి శిఖరానికి చేరినప్పుడు సింబల్స్, అంటే పెద్ద ఇత్తడి తాళాలు, మోగుతాయి. మొత్తం సింఫనీలో సింబల్స్‌కి పని ఆ ఒక్కచోటే. అప్పటిదాకా ఆ మనిషి లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. మా బ్యాండులో సింబల్స్ కుర్రాడికి చెయ్యి ఆడకపోతే పెళ్లివారు డబ్బు దండగ అనుకుంటారు.

మా మేనల్లుడు ట్రంపెట్ వాయిస్తాడు. ఫోన్ని టీవీకి కలిపింది వాడే. కాసేపు చూసి, "మావయ్యా, ఆయనేం వాయించడం లేదు కదా, మరి అంత పేరెందుకు?" అన్నాడు. "సింబల్స్ దాకా చూడరా" అన్నాను. చూశాడు. మర్నాడు రిహార్సల్లో సైడ్ డ్రమ్ వాడి మీద అరవడం మానేసి చేత్తో చెప్పడం మొదలుపెట్టాడు. నాకు ఆ ఒక్కదానికే డబ్బు గిట్టింది.

ఇక ఇబ్బందులు. డబ్బు యూరోల్లో కట్టాలి, కార్డులో విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి. నా బ్యాంకు ఆ ముక్క చెప్పకుండా పేమెంట్ ఆపేసింది, అదో టెన్షన్. లైవ్ చూడాలంటే నిద్ర మానుకోవాలి. అక్కడ రాత్రి ఎనిమిదికి మొదలైతే చలికాలంలో మనకు పన్నెండున్నర. వాన పడితే మా వీధి నెట్ సంగతి సరేసరి, బొమ్మ బిగుసుకుపోతుంది. టీవీ స్పీకర్లో డబుల్ బేస్‌లు సరిగ్గా వినపడవు, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.

ఆర్కైవ్‌లో కండక్టర్లతో చేసిన ఇంటర్వ్యూలకి డబ్బు అక్కర్లేదు, ముందు అవి చూసి ఆపై టికెట్ కొనండి. నెలనెలా కట్టే పథకం నాకు పడదు. మాఘం నుంచి వైశాఖం దాకా మాకు ఊపిరి సలపదు, ఎవరు చూస్తారు? ఆషాఢంలో చేతినిండా ఖాళీ, కానీ అప్పుడు వాళ్లకీ వేసవి సెలవులు, లైవ్ ఉండదు. నాకు ఆర్కైవ్ ఉంటే చాలు. ఈసారి మెహతా కాకుండా మరొకరు చేసిన అదే సింఫనీ చూడాలి, సింబల్స్ ముందు వాళ్ల ఎడమచేయి ఏం చేస్తుందో.