ఫ్లూ జ్వరానికి కషాయమా, గుళికలా, సూదా, టీకానా: ఏది మేలు?

వానలు పట్టిన నెల రోజులకు కర్నూలులో దగ్గు వినపడని వీధి ఉండదు. మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, పదిహేనేళ్లుగా షుగరు ఉంది. నిరుడు ఆగస్టులో ఆమెకు జ్వరం వచ్చినప్పుడు ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఒక్కో మందు చెప్పారు: పక్కింటివాళ్లు కషాయం అన్నారు, మామయ్య హోమియో గుళికలు తెచ్చాడు, పెద్దమ్మ ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించమంది. అందరూ మా మేలు కోరినవాళ్లే, అందరూ తమ మందుతో తగ్గిందని స్వయంగా చూసినవాళ్లే. ఆ మాటల్లో అబద్ధం లేకపోయినా అవి సాక్ష్యంగా ఎందుకు చాలవో తెలిస్తే తప్ప ఏది మేలో తేల్చలేము.

ఫ్లూ జ్వరం చాలామందికి మూడు నాలుగు రోజుల్లో తనంతట తానే దిగిపోతుంది. దగ్గు, నీరసం మాత్రం రెండు వారాల దాకా ఉండవచ్చు. మనం మందు కోసం వెతికేది బాగా బాధపడే రెండో రోజునో మూడో రోజునో గనుక, ఆ రోజు ఏది తీసుకున్నా మరునాటికి కొంత తెరిపి కనిపిస్తుంది. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగితే పండును కాకే రాల్చిందనుకోవడం లాంటిది ఇది. అందుచేత ఏ మందు గురించైనా అడగవలసిన ప్రశ్న "వాడితే తగ్గిందా" అన్నది కాదు, "వాడనివాళ్లకు తగ్గడానికి ఎన్నాళ్లు పట్టింది" అన్నది. ఈ ప్రశ్నను నాటువైద్యానికీ ఆధునిక వైద్యానికీ ఒకే తీరుగా వేయాలి. ఒకవైపు మాత్రమే అనుమానించడం న్యాయం కాదు.

ముందుగా కషాయం. శొంఠి, మిరియాలు, తులసి, ధనియాలు వేసి మరిగించిన నీళ్లు వేడివేడిగా తాగితే గొంతుకు హాయిగా ఉంటుంది, జ్వరంలో ఒంటికి కావలసిన నీరూ అందుతుంది. వైరస్‌ను చంపుతుందనో, రోగనిరోధక శక్తిని అమాంతం పెంచుతుందనో చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. మా అమ్మకు బెల్లం లేకుండా ఇచ్చాము, నాలుగు పూటలా తాగింది, నాకు అభ్యంతరం లేదు. అయితే "సహజమైనది కదా, ఎంత తాగితే అంత మంచిది" అనుకోవడం సరికాదు. కరోనా కాలంలో తిప్పతీగ రోజూ వాడిన తర్వాత కాలేయం దెబ్బతిన్న రోగుల గురించి మన దేశపు వైద్యులే వైద్య పత్రికల్లో రాశారు. మరిగే నీళ్ల గిన్నె మీద దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టేటప్పుడు పిల్లలు కాల్చుకునే ప్రమాదమూ చిన్నది కాదు.

గుళికల సంగతి కొంత లెక్కతో చూడాలి. 2020 జనవరిలో ఆయుష్ మంత్రిత్వ శాఖ కరోనా నివారణకు సూచించిన ఆర్సెనికం ఆల్బం 30 అప్పట్లో మా కాలనీలో ఇంటింటికీ పంచారు, ఇప్పుడు అదే పేరు ఫ్లూకూ వినిపిస్తోంది. 30 అంటే ఒక పాలు మందును తొంభై తొమ్మిది పాళ్ల నీటిలోనో సారాయిలోనో కలిపి, అందులోంచి ఒక పాలు తీసి మళ్లీ అలాగే కలపడం, ఇలా ముప్ఫై మెట్లు. మన కర్నూలు దగ్గరి సుంకేసుల బ్యారేజీ నిండా నీళ్లుంటే సుమారు 1.2 టీఎంసీలు, అంటే దాదాపు 3,400 కోట్ల లీటర్లు. అందులో ఒక్క చుక్క మందు వేసి కలిపితే అది ఏడో మెట్టుకూ ఎనిమిదో మెట్టుకూ మధ్య పలచనకు సమానం. ఆ తర్వాత ఇంకా ఇరవై రెండు మెట్లకు పైగా మిగిలి ఉంటాయి. పదార్థంలో ఎన్ని అణువులుంటాయో లెక్కకట్టే అవొగాడ్రో సంఖ్య ప్రకారం పన్నెండో మెట్టు దాటాక మూలపదార్థపు అణువు ఒక్కటైనా మిగులుతుందని ఆశించలేము. కాబట్టి ఆ గుళికలో ఉన్నది చక్కెర. దానివల్ల నేరుగా హాని లేదు. కానీ "నివారణ మందు వేసుకున్నాం" అన్న ధీమాతో టీకా మానేసిన పెద్దవాళ్లను నేను చూశాను, నాకున్న దిగులు అదే.

ఇక సూది. "సూదేసినాక గంటకే జరం దిగిపాయ నాయనా, ఇంకేం కావాల?" అంటుంది పెద్దమ్మ. నిజమే, దిగుతుంది. నిరుడు నేను ఊళ్లో లేని సాయంత్రం అమ్మను తీసుకువెళ్లి ఒక సూది వేయించి, ఒక సెలైన్ ఎక్కించి, మూడు అజిత్రోమైసిన్ బిళ్లలు తెచ్చారు. రాత్రికి ఒళ్లు నొప్పులు పోయాయి, ఆకలేసి అన్నం తిన్నది, ఇంట్లో అందరికీ సంతోషం. తెల్లవారి గ్లూకోమీటరులో 386 వచ్చింది. సంచిలో పడేసిన ఖాళీ సీసా తీసి చూస్తే డెక్సామెథసోన్ అని ఉంది.

డెక్సామెథసోన్ ఒక స్టెరాయిడ్. జ్వరమూ నొప్పీ వైరస్‌తో శరీరం చేసే పోరాటపు గుర్తులు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే అణచివేస్తుంది గనుక రోగికి తేలికగా అనిపిస్తుంది, వైరస్ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. షుగరు ఉన్నవాళ్లలో రక్తంలోని చక్కెరను అమాంతం పెంచుతుంది కూడా. ఫ్లూ తీవ్రమైన రోగులకు సైతం స్టెరాయిడ్‌ను మామూలుగా ఇవ్వవద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అజిత్రోమైసిన్ బ్యాక్టీరియా మీద పనిచేసే మందు, ఫ్లూ వైరస్‌ను తాకదు. సెలైన్ సంగతికొస్తే, అర లీటరు మామూలు సెలైన్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాది నీళ్లు. గ్లూకోజు కలిపిన ఐదు శాతం రకమైతే ఇరవై ఐదు గ్రాముల చక్కెర నేరుగా నరంలోకి వెళుతుంది. నోటితో తాగగలిగిన మనిషికి మజ్జిగ, గంజి ఇచ్చేదానికంటే అది ఎక్కువేమీ చేయదు. ఈ నాలుగింటిలో నన్ను భయపెట్టేది ఈ సూది వైద్యమే, ఎందుకంటే పనిచేసినట్టు అన్నిటికంటే బాగా కనిపించేదీ ఇదే.

టీకాకూ అదే ప్రశ్న వేద్దాం. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2018లో ప్రచురించిన సమీక్షల ప్రకారం, ఒక ఫ్లూ కాలంలో టీకా వేసుకోని పెద్ద వయసువారు వెయ్యి మందిలో సుమారు 60 మందికి ఫ్లూ వస్తే, వేసుకున్న వెయ్యి మందిలో 24 మందికి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 16 నుంచి 65 ఏళ్ల వారిలో 23 మందికి బదులు 9 మందికి వచ్చింది. వృద్ధుల విషయంలో ఆ ఆధారం అంత గట్టిది కాదని కూడా ఆ సమీక్షే చెప్పింది. అంటే టీకా కవచం కాదు, గొడుగు లాంటిది. వానలో తడవకుండా పూర్తిగా కాపాడకపోయినా, గొడుగు ఉన్నవాడికీ లేనివాడికీ తేడా లెక్కకు అందుతుంది. కషాయం గురించీ గుళికల గురించీ ఇలాంటి లెక్క ఎవరూ చూపలేకపోవడమే నా దృష్టిలో అసలు తేడా.

టీకా మీద ఫిర్యాదులు లేకపోలేదు. ఫ్లూ వైరస్ రూపం మారుస్తూ ఉంటుంది కాబట్టి ఏటా వేసుకోవాలి. ఏ రకాలను టీకాలో చేర్చాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ సెప్టెంబరులోనూ నిర్ణయిస్తుంది, ఆ అంచనా కొన్నేళ్లు సరిగా కుదరదు. ప్రభుత్వ సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఇది లేదు, ప్రైవేటులో ఖర్చు వెయ్యి రూపాయలు దాటుతుంది, కూలి చేసుకునే కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. "టీకా వల్లే ఫ్లూ వచ్చింది" అనే మాటకు మాత్రం ఆధారం లేదు. మన దగ్గర ఎక్కువగా వేసేది చంపిన వైరస్ టీకా, అది ఫ్లూ తెప్పించలేదు. ఒకటి రెండు రోజులు చేయి నొప్పి, కాస్త వెచ్చబడటం ఉండవచ్చు.

ఆధునిక వైద్యానికి తన తప్పును తానే దిద్దుకునే అలవాటు ఉండటం కూడా నన్ను ఇటువైపు మొగ్గేలా చేసింది. 1892లో జర్మనీ శాస్త్రవేత్త ఫైఫర్ ఒక బ్యాక్టీరియాను చూపించి ఫ్లూకు అదే కారణమన్నాడు. మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసిన 1918 నాటి మహమ్మారిలో కూడా చాలామంది వైద్యులు అలాగే నమ్మారు. 1933లో లండన్‌లో మనుషుల నుంచి వైరస్‌ను వేరుచేశాక ఆ నమ్మకాన్ని వదిలేశారు.

జబ్బు వచ్చాక వాడే వైరస్ నిరోధక మందు ఒసెల్టామివిర్‌నూ ఉన్నదానికంటే గొప్ప చేయకూడదు. మొదటి 48 గంటల్లో మొదలుపెడితే పెద్దవాళ్లలో జబ్బు ఏడు రోజుల నుంచి సుమారు ఆరు రోజులకు తగ్గుతుందని కోక్రేన్ 2014లో తేల్చింది. ఆరోగ్యవంతుడికి పారాసిటమాల్, విశ్రాంతి చాలు. షుగరు, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు మాత్రం జ్వరం వచ్చిన మొదటి రోజే ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరకు వెళ్లాలి. అదే కాలంలో డెంగీ కూడా తిరుగుతుంది గనుక రక్త పరీక్ష లేకుండా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోకూడదు. ఆయాసం, ఛాతీ నొప్పి, మాట తడబాటు, పెదవులు నీలిబడటం కనిపిస్తే ఇంట్లో ఒక్క గంట కూడా ఆగకూడదు.

ఈ ఏడాది మే నెలలోనే, వానలకు ముందు, అమ్మకు టీకా వేయించాను. ఒంట్లో రక్షణ తయారవడానికి రెండు వారాలు పడుతుంది. వేయించేముందు పెట్టె మీద అది ఏ ఏడాది టీకానో, గడువు ఎప్పటిదాకా ఉందో చదివాను, ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచారా అని కూడా అడిగాను. నర్సమ్మ విసుక్కోకుండా ఫ్రిజ్ తలుపు తెరిచి థర్మామీటరు చూపించింది, ఐదు డిగ్రీలు ఉంది.