నాలుగేళ్లు వాడాక ఇంక్యుబేటర్ మీద నా అభిప్రాయం

మా పెరట్లో ఇప్పుడు 18 కోళ్లు, 5 టర్కీలు తిరుగుతున్నాయి. వాటిలో మూడు పెట్టలు తప్ప మిగతావన్నీ ఒకే ప్లాస్టిక్ పెట్టెలో పుట్టాయి. బల్ల మీద పెట్టుకునే 48 గుడ్ల ఇంక్యుబేటర్, అంటే గుడ్లను పొదిగే మిషన్ అది. లోపల ఫ్యాన్, గుడ్లను వాటంతటవే తిప్పే మోటారు, నీళ్లు పోయడానికి రెండు గాడులు. కొని నాలుగేళ్లు దాటింది. ఏడాదికి నాలుగైదు విడతలు గుడ్లు పెడతాను.

మొదటి విడతే తల బొప్పి కట్టింది. 37.5 డిగ్రీలు పెట్టి, 40 గుడ్లు సర్ది, 21వ రోజు మూత మీద చెవి ఆనించి కూర్చున్నాను. చప్పుడే లేదు. 22వ రోజూ లేదు. 23వ రోజు సాయంత్రానికి 11 పిల్లలు లేచాయి, అవీ నీరసంగా. తప్పు పుంజుదనుకున్నాను పాపం. రెండో విడత కూడా రెండు రోజులు ఆలస్యమయ్యేసరికి అనుమానం మిషన్ మీదికి మళ్లింది. ఇంట్లో జ్వరం చూసుకునే డిజిటల్ థర్మామీటర్ గుడ్ల మధ్య పెట్టి చూస్తే 36.9 ఉంది. పైన తెర మాత్రం 37.5 అని ధీమాగా వెలుగుతోంది. ఆరు పాయింట్లే కదా అనిపిస్తుంది గానీ, మూడు వారాల పాటు అలా తక్కువ వేడిలో ఉంటే పిల్ల ఎదుగుదల వెనకబడుతుంది. అప్పటినుంచి తెర మీద 38.1 పెడుతున్నాను. పిల్లలు 21వ రోజే లేస్తున్నాయి. కొత్తగా కొన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే, తెర మీది అంకెను నమ్మకండి. ఖాళీ పెట్టెను ఒక రోజంతా నడిపి చూసుకున్నాకే గుడ్లు పెట్టండి.

తేమ చూపించే అంకె ఇంకా అన్యాయం. మూత ఉన్న డబ్బాలో తడి ఉప్పు పెట్టి, పక్కన తేమ మీటర్ ఉంచి ఏడెనిమిది గంటలు వదిలేస్తే 75 శాతం చూపించాలి. విడిగా కొన్న మీటర్ 73 చూపించింది, సరే అనుకున్నాను. దాన్ని పెట్టెలో పెట్టి చూస్తే మిషన్‌ చూపేదానికీ దీనికీ పది శాతం పైనే తేడా. ఇప్పుడు ఆ అంకెల గొడవ మానేసి గుడ్లనే తూకం వేస్తున్నాను. పెట్టిన రోజు నుంచి 18వ రోజుకల్లా కోడిగుడ్డు బరువు 12, 13 శాతం తగ్గాలి. అంటే 55 గ్రాముల గుడ్డు 48 దగ్గరికి రావాలి. అంతకంటే తక్కువ తగ్గుతుంటే గాడిలో నీళ్లు తగ్గిస్తాను, ఎక్కువ తగ్గుతుంటే రెండో గాడి కూడా నింపుతాను. వంటింటి తూకం చాలు దీనికి.

తిప్పే మోటారు కోడిగుడ్లకు బాగానే పనిచేస్తుంది. టర్కీ గుడ్లు మాత్రం ఆ గుంటల్లో ఇమడవు. బలవంతంగా ఇరికిస్తే ఒకటి పగిలి, ఆ వాసన వారం రోజులు వదల్లేదు. అందుకని ట్రే తీసేసి, గుడ్డుకి ఒకవైపు గీత, ఇంకోవైపు సున్నా పెట్టి, రోజుకు ఐదుసార్లు చేత్తో తిప్పుతాను. బేసి సంఖ్య ఎందుకంటే, ప్రతి రాత్రీ ఒకే వైపు కింద ఉండిపోకుండా. 48 గుడ్లని పెట్టె మీద రాసి ఉంటుంది, టర్కీవైతే 25 దాటితే ఊపిరాడదు.

ఇంత విసిగించినా టర్కీల కోసమే దీన్ని ఉంచుకున్నాను. మిషన్ రాకముందు టర్కీ గుడ్లను కోడి కిందే పొదిగించేదాన్ని. ఆరు పిల్లలు లేచాయి, కోడి చక్కగా తిప్పింది. రెండు నెలల్లోపే నాలుగు పోయాయి, పసుప్పచ్చ రెట్ట వేసుకుంటూ. బ్లాక్‌హెడ్ అంట. కోళ్లను పెద్దగా బాధించని ఆ జబ్బు టర్కీలను తినేస్తుంది. ఆ జబ్బు క్రిమి, కోళ్ల పేగుల్లో ఉండే చిన్న పురుగు పెట్టే గుడ్ల ద్వారా మట్టిలోకి చేరి, అక్కడే ఏళ్ల తరబడి ఉంటుంది. తల్లికోడి పిల్లలను తిప్పేది ఆ మట్టిలోనే కదా. మిషన్‌లో పుట్టిన టర్కీ పిల్లలు ఆ నేల తొక్కకుండానే పెరుగుతాయి. వాటి దొడ్డి ఇప్పుడు పెరటికి అవతలి పక్క, కోళ్లు ఎప్పుడూ తిరగని చోట. అక్కడికి వెళ్లేటప్పుడు చెప్పులు కూడా మారుస్తాను.

అయితే టర్కీ పిల్లలు మహా అమాయకమైనవి. ఎదురుగా దాణా ఉన్నా తినడం తెలియదు. అందుకే టర్కీ గుడ్లు పెట్టిన వారానికి నాలుగు కోడిగుడ్లు కలుపుతాను. వాటికి 28 రోజులు, వీటికి 21, అన్నీ ఒకే రోజు లేస్తాయి. శుభ్రంగా కడిగిన బ్రూడర్‌లో, అంటే పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలో, కోడిపిల్లలు పొడుస్తుంటే చూసి టర్కీలూ పొడవడం మొదలుపెడతాయి. మట్టి మీదికి దింపే ముందే రెండింటినీ విడదీస్తాను.

తప్పుల్లో ఘోరమైనది నాదే. చలిగా ఉందని పెట్టెను కిటికీ పక్కకు జరిపాను. మధ్యాహ్నం ఎండ నేరుగా పడి లోపల 41 దాటింది. ఇంటికొచ్చి చూసేసరికి అంతా అయిపోయింది. 30 గుడ్లు. కరెంటు పోయినప్పుడు రెండు మూడు గంటలు దుప్పటి కప్పి ఉంచితే పెద్ద నష్టం జరగలేదు కానీ, వేడెక్కితే గుడ్డు క్షమించదు. పిల్లలు లేచే రోజు మూత తెరవడం కూడా అంతే. పొర ఎండిపోయి పిల్ల అక్కడే అతుక్కుపోతుంది. గుడ్డు చిట్లాక బయటికి రావడానికి ఒక పూట నుంచి పూర్తి రోజు పడుతుంది. అప్పుడు మాత్రం చేతులు కట్టుకుని కూర్చోవాలి.

మూడో ఏడాది ఫ్యాన్ ఆగిపోయింది, పిల్లల నూగు చుట్టుకుని. విడిభాగాలు అమ్మినవాళ్ల దగ్గర లేవు. పాత కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి సరిపోయింది. అప్పటినుంచి ప్రతి విడతకీ బ్రష్షుతో దులుపుతున్నాను. నీళ్లు తగ్గితే కొట్టే అలారం రాత్రి రెండింటికే ఎందుకు కొడుతుందో నాలుగేళ్లయినా అంతుబట్టలేదు.

ఇంకో సంగతి, లేచిన పిల్లల్లో సగం పుంజులే అవుతాయి. 30 పిల్లలని మురిసిపోతే, నాలుగు నెలలకు తెల్లవారుజామున 15 గొంతులు కూస్తాయి. కోళ్లే కావాలనుకునేవాళ్లు పొదుగుకొచ్చిన పెట్ట ఉంటే ఈ మిషన్ కొనకండి. వేడి, తేమ, తిప్పడం అన్నీ అదే చూసుకుంటుంది, పైగా పిల్లలను కూడా పెంచుతుంది.

ప్రస్తుతం పెట్టెలో 14 టర్కీ గుడ్లు, 4 కోడిగుడ్లు ఉన్నాయి. టర్కీలకు ఈ రోజు 25వ రోజు. పొద్దున్నే తిప్పడం ఆపేసి రెండు గాడుల నిండా నీళ్లు పోశాను. పక్క గదిలో గంప కింద ఎర్రపెట్ట 12 గుడ్ల మీద కూర్చుంది. దానికి అలారం లేదు, దగ్గరికి వెళ్తే మాత్రం పొడుస్తుంది.