మెడనొప్పికి వాట్సు: నీళ్లు వెచ్చగా ఉన్నన్నాళ్లూ బాగానే ఉంది

మనిషి తల నాలుగైదు కిలోలు తూగుతుంది. మెడ అరుగుదల మొదలయ్యేదాకా ఆ బరువు ఎవరికీ గుర్తుండదు. కొన్నేళ్లుగా నేను వాట్సుకు, అంటే వెచ్చని నీళ్లలో ఒంటిని తేలుస్తూ చేసే చికిత్సకు, వెళ్తున్నది ఆ బరువును గంటసేపు ఇంకొకరికి అప్పగించడానికే. చికిత్స చేసే ఆవిడ మోచేతి వంపులో నా తల ఉంటుంది. మోకాళ్ల దగ్గర కట్టిన పట్టీలు కాళ్లను తేలుస్తాయి. చెవులు మునిగి ఉంటాయి కాబట్టి నా ఊపిరి తప్ప మరేమీ వినపడదు. మొదట్లో కదలికే ఉండదు. ఊపిరి వదిలితే కాస్త దిగుతాను, పీలిస్తే తేలుతాను. మందులు, మెడపట్టీ, దిండ్లు మార్చడం అన్నీ చూశాను గానీ, ఈ సుఖం ఎక్కడా దొరకలేదు.

దీన్ని 1980 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని హార్బిన్ వేడినీటి బుగ్గల దగ్గర మొదలుపెట్టిన హెరాల్డ్ డల్ కవి కూడా. జపానులో మసునాగా అనే గురువు దగ్గర నేర్చుకున్న జెన్ షియాట్సును, అంటే వేళ్లతో నొక్కుతూ చేసే జపాను మర్దనను, ఆయన నీళ్లలోకి దించారు. నేల మీద చేసే షియాట్సు నాకు పడలేదు. బొటనవేలు ఆనగానే భుజం బిగుసుకుంటుంది. నీళ్లలో నొక్కుడు తక్కువ. ఒంటిని ఒక పక్కకు ఈడ్చుకుపోతుంటే కాళ్లు వెనకబడతాయి, వెన్ను దానంతటదే సాగుతుంది.

ఇదంతా తెలిసినవాళ్లందరికీ ఊదరగొడుతున్న రోజుల్లోనే, ఒక చలికాలం, నేను వెళ్లే కొలనులో నీళ్లు కాచే యంత్రం మొరాయించింది. నీళ్లు 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, మన సెల్సియస్ లెక్కలో 35. చర్మం వేడికి దాదాపు సమానం. ఆ రోజు థర్మామీటరు 89 చూపిస్తోంది, అంటే ఇంచుమించు 32. ‘ఆరు డిగ్రీలే కదా, కదులుతూనే ఉంటారు కదా’ అన్నారు కౌంటరులో. కదిలించేది ఆవిడ, నేను కాదు! ఈత కొట్టేవాళ్లకు 32 వెచ్చదనమే. ఒళ్లు వదిలేసి తేలేవాళ్లకు కాదు. గాలికన్నా నీరు ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని తీసుకుపోతుంది, ఆ వేడిని తిరిగి పుట్టించే కండరాలను మనమే పని మానమని పంపించేశాం.

కాసేపు బాగానే ఉంది. తర్వాత నీళ్లపైకి తేలిన పొట్ట మీద, మోకాళ్ల మీద గాలి తగలడం మొదలైంది. దవడ బిగిసింది. భుజాలు చెవుల దాకా వచ్చాయి. తల ఆవిడ చేతిలోనే ఉంది గానీ, దాన్ని మోస్తున్నది మళ్లీ నా మెడే. మాట వినపడదు కాబట్టి ఆవిడ చేతిని కొద్దిగా ఆడించి, వదిలెయ్యమని గుర్తుచేశారు. వదలాలనే ఉంది, మెడ వినడం లేదు. గంట పూర్తికాకముందే ఆవిడే ఆపి, గోడకు చేర్చి నిలబెట్టి, తువ్వాలు కప్పారు. మర్నాడు తల తిప్పలేక కారు తీయలేదు. డబ్బు తిరిగివ్వలేదు, వచ్చేసారికి పది శాతం తగ్గిస్తామన్నారు. ఆ పది శాతం తలుచుకుంటే ఇప్పటికీ మంటే. ఆవిడ చెయ్యి మంచిది కాబట్టి వెళ్తూనే ఉన్నాను, కానీ థర్మామీటరు చూడకుండా దిగడం లేదు.

నొప్పి పోయిందని మొదటి ఏడాది నేను చెప్పిన మాటకు కూడా కొంత కోత పెట్టాలి. హాయిగా ఉండేది రెండు మూడు రోజులు. ఆ వ్యవధిలో ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు చేస్తే వారం దాటుతుంది, బద్ధకిస్తే దాటదు. అసలు పని చేస్తున్నది నీళ్లా, వ్యాయామాలా అంటే గట్టిగా చెప్పలేను. నిద్ర సంగతి వేరు; వాట్సు చేయించుకున్న రాత్రి మాత్రం ఒళ్లు తెలియదు.

ఇంకొకటి. పరిచయం లేని మనిషి చేతుల్లో పసిపిల్లలా ఒదిగి ఉండాలి. మా అమ్మకు చెబితే ‘పరాయివాళ్ల ఒళ్లో పడుకోవడమేమిటి’ అంది. అది ఇబ్బందిగా అనిపించేవాళ్లకు ఒళ్లు సడలదు, డబ్బు దండగ.

నాకు శనివారాలు ఖాళీ, కొలను గంట ప్రయాణంలో ఉంది, నా బీమా పైసా ఇవ్వకపోయినా భరించగలుగుతున్నాను. ఇవి లేనివాళ్లను వెళ్లమని నేను చెప్పను. జ్వరం, మానని పుండు, కర్ణభేరికి చిల్లు ఉంటే ఎలాగూ దిగకూడదు. పుదుచ్చేరి దగ్గరున్న ఆరోవిల్‌లోని క్వైట్ హీలింగ్ సెంటర్‌లో వాట్సు చేస్తారు. చెన్నైలో ఉన్న మా తమ్ముడికి ఆ సంగతి చెప్పి, ఎక్కడికి వెళ్లినా ముందు ఫోను చేసి నీళ్ల వేడి కనుక్కోమన్నాను, 34కు తగ్గితే ఆ రోజుకు మానుకోమన్నాను.